థైరాయిడ్ అల్ట్రాసౌండ్‌కు వెళ్లే ముందు

పాత స్కాన్ రిపోర్టు, ఫిల్ములు తప్పక తీసుకెళ్లండి. గడ్డ పెరిగిందా లేదా అన్నది పాత కొలతలతో పోల్చితేనే తెలుస్తుంది. పొడవు, వెడల్పు, మందాల్లో కనీసం రెండు 20 శాతం, అదీ కనీసం 2 మిల్లీమీటర్ల చొప్పున పెరిగితే దాన్ని పెరుగుదలగా లెక్కేస్తారు. పోల్చడానికి ఏమీ లేకపోతే అనవసరంగా సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) దాకా వెళ్లొచ్చు.

చీటీలో ‘థైరాయిడ్ స్కాన్’ అని మాత్రమే ఉంటే ఏ స్కానో అడగండి. న్యూక్లియర్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఇచ్చి తీసేది) వేరు, గర్భిణులకు అది చేయరు. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు.

పరగడుపున వెళ్లక్కర్లేదు. థైరాయిడ్ మాత్ర ఆపొద్దు.

మెడనొప్పి ఉంటే ముందే చెప్పండి, భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాలుస్తారు.

గొలుసులు ఇంట్లోనే తీసిపెట్టండి.

గడ్డ ఉంటే రిపోర్టులో మూడు కొలతలు, టైరాడ్స్ గ్రేడు (గడ్డ క్యాన్సర్ కావచ్చన్న అనుమానం ఎంతో 1 నుంచి 5 వరకు చెప్పే అంకె) ఉన్నాయో చూసుకోండి. సూది పరీక్ష సాధారణంగా గ్రేడు 5కి 1 సెంటీమీటరు నుంచి, గ్రేడు 3కి 2.5 నుంచి.