కొత్త పుస్తకమేనా? టైటిల్ పేజీ వెనక్కి తిప్పండి

అబిడ్స్‌లోనో కోఠిలోనో ఆర్థికశాస్త్రం, చరిత్ర పుస్తకాలు కొనేముందు టైటిల్ పేజీ వెనకవైపు చదవండి. అట్ట కొత్తదైనంత మాత్రాన పుస్తకం కొత్తది కాదు. కాపీరైట్ 2009, ముద్రణ 2024 అని ఉండి, సవరించిన కూర్పు అని లేకపోతే అది ఉత్త పునర్ముద్రణ. 2011 జనగణన లెక్కలు అందులో ఉండవు. 'దక్షిణాసియాలో మాత్రమే అమ్మకానికి' అని ఉందా, భయపడక్కర్లేదు, అది మనకోసం తక్కువ ధరకు వేసిన కూర్పు.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇంకో చిక్కు. హార్డ్‌బౌండ్, పేపర్‌బ్యాక్, ఈబుక్ మూడింటికీ 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) వేరువేరు. హార్డ్‌బౌండ్ నంబరే కొడితే ఖరీదైన ఆ కూర్పు మాత్రమే కనబడి, పాపం, ఎంతోమంది విద్యార్థులు అక్కడే ఆగిపోతారు. పుస్తకం పేరు, రచయిత పేరు కొట్టండి. డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ బుక్స్ అనే వెబ్‌సైట్‌లోనూ చూడండి. అక్కడ ఉంటే పుస్తకం మొత్తం ఉచితం.