రైన్ బంగారు గుల్డెన్లు చదవడం, 4వ పాఠం: "కో" గొడవ

రైన్ గుల్డెన్లంటే జర్మనీలో రైన్ ప్రాంతపు నలుగురు పాలకులు, అంటే మైన్జ్, కొలోన్, ట్రియర్ ఆర్చిబిషప్పులూ పాలటినేట్ దొరా, మధ్యయుగంలో కొట్టించిన బంగారు నాణేలు. పోయిన పాఠం చివర ఆ ఆర్చిబిషప్పుల నాణేలు మూడింటి అంచు రాతలు ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నాను. మైన్జ్ దగ్గర ఎవరూ తడబడలేదు. డాలు మీద బండిచక్రం ఉంటే మైన్జ్, అంతే. మిగతా రెండూ మాత్రం దాదాపు అందరూ తారుమారు చేశారు. తప్పు సగం నాదే. కొలోన్‌ది నల్ల సిలువ, ట్రియర్‌ది ఎర్ర సిలువ అని చెప్పి ఊరుకున్నాను. బంగారం మీద నలుపేది, ఎరుపేది? నాణెం మీది సెయింట్ పేతురు బొమ్మను బట్టి పోల్చుకుందామన్నా కుదరదు, రెండు ఊళ్లలోనూ ప్రధాన చర్చి ఆయన పేరు మీదే ఉంది. అందుకే నేనైతే బొమ్మ జోలికి పోను, ముందు అక్షరాలే చూస్తాను.

ఇక అసలు గొడవ. వెనక వైపు "మొనేటా నోవా" తర్వాత "కో" కనబడగానే కొలోన్ అని రాసేశారు. కాదు, అది కోబ్లెంజ్. ట్రియర్ ఆర్చిబిషప్ టంకశాల అక్కడుండేది. "మొనేటా నోవా" అంటే కొత్త నాణెం. దాని తర్వాత వచ్చేది టంకశాల ఉన్న ఊరు, ఆర్చిబిషప్ పీఠం కాదు. పీఠం మామూలుగా ముందు వైపు, "ఆరెప్" (ఆర్చిబిషప్ అనే లాటిన్ మాటకు పొట్టి రూపం) పక్కన ఉంటుంది: "కోల్" అయితే కొలోన్, "ట్రె" అయితే ట్రియర్. పైగా కొలోన్ ఆర్చిబిషప్పులు గుల్డెన్లు కొట్టించింది బాన్, రీల్, డాయిట్జ్‌లలో. 1288లో వోరింగెన్ యుద్ధంలో ఓడాక కొలోన్ నగరం వాళ్ల చేతిలోంచి జారిపోయింది మరి. బింగెన్ మైన్జ్‌ది, ఓబర్‌వేజెల్ ట్రియర్‌ది, బాఖరాఖ్ పాలటినేట్ దొరది (నలుగురిలో చర్చి మనిషి కానిది ఈయనొక్కడే). "కో" కనిపిస్తే చెయ్యి ఆపండి. మళ్లీ చెబుతున్నా, చెయ్యి ఆపండి.

స్వచ్ఛత సంగతి రెండు ముక్కల్లో. 1386లో నలుగురూ ఒప్పందం చేసుకున్నప్పుడు 23 క్యారెట్లు. 1419కల్లా 19, 1490లో పద్దెనిమిదిన్నర. 22 క్యారెట్ల గాజులకు అలవాటుపడ్డ మనవాళ్లు ఆ చివరి నాణేలను ముట్టుకోరు.

అభ్యాసం: 3.5 గ్రాముల నాణెంలో 23 క్యారెట్లప్పుడు అసలు బంగారం ఎంత, 19 అప్పుడు ఎంత? అది అయ్యాక ఏదైనా మ్యూజియం ఆన్‌లైన్ కేటలాగులో పది గుల్డెన్లు తీసి, మధ్య బొమ్మను కాగితంతో కప్పేసి, అంచు రాత ఒక్కటే చదివి పీఠమూ ఊరూ రాయండి. "బున్" అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది బాన్.