బేరింగులు కొనే ముందు క్రాంకు కొలవండి

ఇంజన్ బోరుకొచ్చిందనగానే రింగులు, గాస్కెట్లతో పాటు బేరింగుల సెట్టు కూడా ముందే కొనేస్తుంటారు. అలా కొనకండి. క్రాంకుని (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసుని) బ్లాకులో పట్టి ఉంచే మెయిన్ బేరింగులైనా, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కాన్‌రాడ్ బేరింగులైనా ఏ సైజు కావాలో చెప్పాల్సింది క్రాంకే.

విప్పేటప్పుడు మెయిన్ క్యాపులకు, రాడ్ క్యాపులకు నంబరు, ముందు వైపు గుర్తు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే మీరే పెట్టండి. ఒకదాని క్యాపు ఇంకోదానికి వేస్తే రంధ్రం గుండ్రం తప్పుతుంది. పాత షెల్స్ (ఒక్కో బేరింగులో ఉండే రెండు అర్ధవృత్తపు రేకులు) పారేయకుండా గుడ్డ మీద వరుసగా పరిచి చూడండి, జబ్బు ఏమిటో అవే చెబుతాయి. సన్నటి గీతలు, గుచ్చుకున్న నలుసులు ఉంటే ఆయిల్లో మురికి చేరినట్టు. పై పూత కరిగి జారినట్టుంటే ఆయిల్ అందలేదు. ఒక అంచే అరిగితే రాడ్ వంగి ఉండొచ్చు, లేదా జర్నల్ (క్రాంకు మీద బేరింగు పట్టే గుండ్రటి భాగం) ఏటవాలుగా అరిగి ఉండొచ్చు.

కోరాపుట్, జయపురం వైపు బండ్లలో ఇంకో రకం అరుగుదల ఉంటుంది. సాలూరు నుంచి సుంకి ఘాటీని నిండు లోడుతో, గేరు తగ్గించకుండా గుంజుతూ ఎక్కిస్తే ఆర్‌పీఎం పడిపోయి ఆయిల్ పొర పలచబడుతుంది. మంట ఒత్తిడంతా కాన్‌రాడ్ పై షెల్ మీద, మెయిన్ కింది షెల్ మీద పడుతుంది. ఆ షెల్సే ఎక్కువ దెబ్బతిని ఉంటే కొత్తవి వేయడంతో సరిపోదు, నడిపే వాళ్లకీ చెప్పాలి.

ఇక కొలత. ప్రతి జర్నల్‌నీ మైక్రోమీటరుతో రెండు చివర్ల దగ్గర, ఒక్కోచోట అడ్డంగా, నిలువుగా కొలవండి. నాలుగు కొలతల మధ్య తేడా 0.01 మి.మీ. దాటితే మీ ఇంజన్ మాన్యువల్లోని హద్దు చూడండి. గీత మీద గోరు ఆనుతుందంటే గ్రైండింగ్ తప్పదు. గ్రైండ్ చేసి సన్నబడిన జర్నల్‌కి సరిపోయేలా మామూలుగా దొరికే షెల్స్ అండర్‌సైజులు 0.25, 0.50 మి.మీ. మెయిన్లన్నీ ఒక సైజు, రాడ్ జర్నల్స్ అన్నీ ఒక సైజు ఉండాలి. మెయిన్లు స్టాండర్డు, రాడ్లు 0.25 అయినా ఇబ్బంది లేదు. నైట్రైడింగ్ చేసిన (నైట్రోజన్‌తో పై పొర గట్టిపరిచిన) క్రాంకుల్లో గ్రైండ్ చేస్తే గట్టి పొర పోవచ్చు, కాబట్టి మాన్యువల్ ఒప్పుకుంటేనే చేయించండి.

గ్రైండింగుకి విజయనగరమో విశాఖో పంపేటప్పుడు జర్నల్స్‌కి నూనె పట్టించి చుట్టండి, వానాకాలంలో ఒక్క రాత్రికే తుప్పు పడుతుంది. తిరిగొచ్చాక జర్నల్ మూలల్లో గుండ్రటి వంపు ఉందా, ఆయిల్ రంధ్రాల అంచులు మృదువుగా ఉన్నాయా చూడండి. మూల పదునుగా ఉంటే అక్కడి నుంచే క్రాంకు పగులుతుంది. పదునైన రంధ్రం అంచు షెల్‌ని గీరేస్తుంది. బిల్లు మీద 0.25 అని రాసి ఉన్నా మళ్లీ కొలవండి.

గ్రైండింగ్ అక్కర్లేదనుకుంటే 'స్టాండర్డు' అని అడిగి ఊరుకోవద్దు. సుజుకి చిన్న ఇంజన్లలాంటి వాటిలో స్టాండర్డులోనే కొన్ని మైక్రాన్ల తేడాతో రకాలుంటాయి. క్రాంకు మీద, బ్లాకు మీద చెక్కిన గుర్తులు కలిపి పట్టికలో చూస్తే ఏ రంగు షెల్ వేయాలో తెలుస్తుంది.

క్యాపుల్ని టార్కుకి బిగించి బోర్‌గేజితో రంధ్రం కొలవండి. అందులోంచి రెండు షెల్స్ మందం, జర్నల్ కొలత తీసేస్తే మిగిలేది క్లియరెన్సు, అంటే ఆయిల్ పొరకి ఉండే ఖాళీ. రంధ్రం 54.020, షెల్ ఒక్కోటి 2.000, జర్నల్ 49.980 అయితే 0.040 మి.మీ. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి 0.02 నుంచి 0.05 మధ్య ఉంటే చాలు. బోర్‌గేజి లేకపోతే 0.025 నుంచి 0.076 దాకా కొలిచే ఆకుపచ్చ ప్లాస్టిగేజ్ (బిగిస్తే నలిగే సన్నటి ప్లాస్టిక్ దారం) వాడండి. జర్నల్ మీద నూనె తుడిచి ముక్క పెట్టి క్యాపు బిగించండి. బిగించాక క్రాంకు తిప్పకూడదు. క్యాపు విప్పి, నలిగిన వెడల్పుని కవరు మీది స్కేలుతో పోల్చండి. క్లియరెన్సు తక్కువగా వచ్చిందని షెల్‌ని ఎమరీతో రుద్దడం మహాపాపం, పై పూత పోతుంది.

బిగింపులో షెల్ వెనక భాగం, అది కూర్చునే చోటు పొడిగా, శుభ్రంగా ఉండాలి. లోపలి వైపుకి మాత్రం అసెంబ్లీ లూబ్రికెంటు పట్టించండి. ఆయిల్ రంధ్రం ఉన్న మెయిన్ షెల్ బ్లాకు వైపు వెళ్లాలి. తారుమారైతే ఆయిల్ దారి మూసుకుపోయి కొద్దిసేపట్లోనే సీజ్ అవుతుంది. షెల్‌ని పట్టి ఉంచేది చిన్న నాలుక కాదు, క్యాపు బిగిస్తే కలిగే ఒత్తిడి. అందుకే క్యాపు అంచుల్ని ఆకురాయితో అరగదీయకండి. బోల్టులు మధ్యలోంచి బయటికి, రెండు మూడు విడతలుగా బిగించి, ప్రతి క్యాపు తరవాత క్రాంకుని చేత్తో తిప్పండి. ఏ క్యాపు దగ్గర పట్టేస్తే తప్పు అక్కడే ఉంది. సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి. చివరగా క్రాంకు ముందుకీ వెనక్కీ ఎంత కదులుతుందో, ఆ ఆట చూడండి. చాలా కార్లలో 0.1 నుంచి 0.3 మి.మీ. ఉండాలి, ఎక్కువైతే ఆ కదలికని ఆపే థ్రస్ట్ వాషర్లు మార్చండి.

బ్లాకులో ఆయిల్ గ్యాలరీ (లోపలి ఆయిల్ దారుల) ప్లగ్గులు తీసి బ్రష్షుతో కడగకపోతే పాత ఇనుప నలుసులు కొత్త షెల్స్ మీదికే వస్తాయి. ఆయిల్ పంపు, సంపులోని జల్లెడ కూడా చూడండి. ఇంధనం, స్పార్కు ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టరుతో పది పది సెకన్లు తిప్పి, ఆ తరవాతే స్టార్ట్ చేయండి. 500 కి.మీ. లోపే ఆయిల్, ఫిల్టరు మార్చి, పాత ఫిల్టరు కోసి మడతల్లో మెరిసే పొడి ఉందేమో చూడండి. మెరుస్తుంటే ఘాటీ ఎక్కించకుండా సంపు విప్పి షెల్స్ చూడాలి.