సొంతంగా సినిమా నేర్చుకుందాం – 5వ పాఠం: కదలని కెమెరా

పోయిన పాఠంలో ఒక చిన్న సంభాషణను నాలుగు షాట్లుగా విడగొట్టాం. ఈసారి ఒక్క కట్ కూడా లేకుండా, కెమెరా కదపకుండా సన్నివేశం మొత్తం తీయాలి. ఇది నేర్పడానికి రొమేనియా దర్శకుడు క్రిస్టియన్ ముంజియు కంటే మంచి గురువు నాకు కనిపించలేదు.

ఆయన 1968లో యాష్ నగరంలో పుట్టారు. ఇంగ్లీషు సాహిత్యం చదివి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, పత్రికల్లో పనిచేశారు. ఆ తర్వాతే బుకారెస్ట్‌లో సినిమా చదువుకున్నారు. విదేశీ సినిమాల షూటింగులకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశారు. 2002లో తొలి సినిమా తీశారు.

2007లో వచ్చిన '4 నెలలు, 3 వారాలు, 2 రోజులు' ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో పామ్ డోర్ అనే అత్యున్నత బహుమతి గెలిచింది. పూర్తి నిడివి రొమేనియా సినిమాల్లో పామ్ డోర్ అందుకున్న మొదటిది అదే. కథ 1987లో, రొమేనియా నియంత చౌషెస్కూ పాలనలో జరుగుతుంది. 1966 నాటి శాసనం వల్ల అబార్షన్ నేరం. గర్భవతి అయిన స్నేహితురాలికి ఒటీలియా అనే విద్యార్థిని రహస్యంగా సాయం చేస్తుంది. ఆ శాసనం తర్వాత పుట్టినవాళ్లను అక్కడ 'శాసనం పిల్లలు' అంటారు. ముంజియుదీ ఆ తరమే.

ఇక మన సన్నివేశం. స్నేహితురాలిని హోటల్ గదిలో ఒంటరిగా వదిలి, ఒటీలియా ప్రియుడి తల్లి పుట్టినరోజు విందుకు వెళ్తుంది. బల్ల చుట్టూ పెద్దవాళ్లు తింటూ, తాగుతూ ఏవేవో మాట్లాడుకుంటారు. కెమెరా ఆమెకు ఎదురుగా పెట్టి ఉంటుంది, ఏడు నిమిషాల పైచిలుకు అంగుళం కూడా కదలదు. ఆమె మధ్యలో ఇరుక్కుని కూర్చుంటుంది. మాట్లాడేవాళ్లలో కొందరు సగమే కనిపిస్తారు. రీరికార్డింగ్ లేదు. ఆమె దాదాపు ఏమీ మాట్లాడదు. అయినా మన చూపు ఆమె ముఖం మీదే ఉంటుంది, ఎందుకంటే హోటల్ గది సంగతి ఆ బల్ల దగ్గర ఆమెకూ మనకూ మాత్రమే తెలుసు. మొదటిసారి చూసినప్పుడు ఎవరైనా కట్ చెప్తే బాగుండు అనిపించేంత టెన్షన్ పడ్డాను. కట్ చేసి ఉంటే, ఆ క్షణంలో నాకు ఊపిరి ఆడేది. ఒటీలియాకు ఆ వీలు లేదు కదా!

ఇప్పుడు మీ వంతు. ఇంట్లో నలుగురిని భోజనానికి కూర్చోబెట్టండి. ఒకరికి మాత్రం చెవిలో ఒక కబురు చెప్పండి, మిగతావాళ్లకు తెలియకూడదు. ఫోన్‌ను ట్రైపాడ్ మీద ఆ ఒక్కరికి ఎదురుగా, కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తులో పెట్టండి. పక్కవాళ్ల తలలు ఫ్రేములో తెగిపోయినా సర్దకండి. కూర గిన్నె అందించే చెయ్యి అడ్డం వస్తే రానివ్వండి. మాటలు మాత్రం ముందే రాసుకుని పదిసార్లు రిహార్సల్ చేయించండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కట్ లేని షాట్‌లో సాగదీసిన చోటు ఎడిటింగ్‌లో తీసేయలేం, వేగం రిహార్సల్‌లోనే కుదరాలి.

మొదట మూడు నిమిషాలు తీయండి. అది నిలబడితే ఐదుకు పెంచండి. 2022లో వచ్చిన 'ఆర్.ఎమ్.ఎన్.'లో ముంజియు ఒక ఊరి సమావేశాన్ని సుమారు పదిహేడు నిమిషాలు ఇలాగే తీశారు. అక్కడ ఒకేసారి ఎందరో మాట్లాడతారు. ఆ గోలలో ఎవరి మాట ముందు వినిపించాలో ఎలా తేల్చుకోవాలన్నది 6వ పాఠం. మీ మూడు నిమిషాల షాట్ దాచి ఉంచండి, దాని శబ్దంతోనే అది మొదలుపెడతాం.