కరివేపాకు పసుపుబారితే ముందు చిగురు చూడండి

నల్గొండ, పాలమూరు వైపు కరివేపాకు పెంచేవాళ్ల గోడు ఒకటే: ఆకు పసుపైంది, యూరియా వేశాం, ఇంకా పాడైంది. యూరియా ముట్టుకునే ముందు ఒక్కటి చూడండి. పసుపైంది కింది ముదురాకా, పై చిగురా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. దయచేసి దీన్ని దాటేయకండి.

చలికాలంలో ఆకు రాలుతోంది

డిసెంబరు, జనవరి చలికి ఆకు రాల్చడం దీని స్వభావం. కొమ్మను గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. నీళ్లు తగ్గించండి, ఎరువు వేయకండి. ఎండలు ముదిరేకొద్దీ చిగురేస్తుంది.

కింది ఆకులు ముందు పసుపైతే

కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. నీళ్లు బాగానే దిగుతుంటే చెట్టుకు బలం చాలట్లేదు. బాగా చివికిన పశువుల ఎరువు వేయండి.

చిగురు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ

అందరినీ ఏమార్చేది ఇదే. లేత ఆకు నిమ్మపండు రంగుకు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చటి గీతల్లా నిలుస్తాయి. అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువైతే వేరుకు అందదు. ఆ సున్నం ఎక్కడిదంటారా? ఇల్లు కట్టినప్పుడు గోడ పక్కన పూడ్చిన సిమెంటు పెచ్చులు, ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లు, మంచిదని పొయ్యిలోంచి తెచ్చి చల్లిన బూడిద. కుండీ అంచున తెల్లటి తెట్టు కట్టిందా? దాన్ని గీకి నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే సున్నమే.

యూరియాతో ఇది తగ్గదు. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి, సాయంత్రం పూట చిగురు తడిసేలా పిచికారీ చేయండి. వారం, పది రోజులకు మళ్లీ. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగిందంటే పనికిరాదు. నీలంగా ఉంటే అది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), వెనక్కి ఇచ్చేయండి. కలిపిన నీళ్లు ఆ పూటే వాడేయాలి, మర్నాటికి ఉంచొద్దు.

పిచికారీ అప్పటికి గట్టెక్కిస్తుంది, అంతే. చెట్టు మొదలు దగ్గర తవ్వి పెచ్చులు ఏరేయండి, బూడిద ఆపండి, చివికిన ఎరువు కలపండి. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే వాటినే పోయండి. పులిసిన మజ్జిగ పోస్తే తప్పులేదు గానీ దానొక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఆకు అంచులు కొరికేసి ఉంటే

పిట్ట రెట్టలా కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక పురుగు. చేత్తో ఏరేయండి, చాలు. కూరలో వేసే ఆకు మీద మందెందుకు?

తెగుళ్లు, వేళ్లను పట్టే నులిపురుగులు కూడా కారణం కావచ్చు. పైవన్నీ చూశాకే వాటి సంగతి.

ఒకసారి పసుపైన ముదురాకు పూర్తిగా పచ్చబడుతుందని ఎదురుచూడకండి. కొత్తగా వచ్చే చిగురు రంగు చూసే మందు పనిచేసిందో లేదో తేల్చుకోండి. పిచికారీ చేసిన ఆకును కొన్నాళ్లు కొయ్యకండి, తర్వాతైనా బాగా కడిగే వాడండి.