కొత్త కంప్యూటర్‌కు మొదటి వారంలో చేయవలసిన పనులు

కొత్త కంప్యూటర్ ఇంటికి రాగానే ముందుగా చూడవలసింది అది ఎవరి ఖాతాతో తెరుచుకుంటోందన్న విషయం. కొన్నవారికి శ్రమ తగ్గించాలన్న మంచి ఉద్దేశంతోనే కొన్ని దుకాణాలవారు విండోస్‌ను సిద్ధం చేసి, ఆఫీస్‌ను కూడా యాక్టివేట్ చేసి ఇస్తారు; అందుకోసం ఒక్కోసారి దుకాణం మెయిల్ ఐడీనే వాడేస్తారు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఆఫీస్ లైసెన్సు మొదట యాక్టివేట్ చేసిన ఖాతాకే చెందుతుంది కాబట్టి అది ఒక నష్టం. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. విండోస్ 11తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు) దానంతటదే మొదలవుతుంది, ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలోకే వెళ్తుంది. తర్వాత ఎప్పుడో బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే లోపలి ప్రోగ్రాము) అప్‌డేట్ అయినప్పుడో, మదర్‌బోర్డు మార్చినప్పుడో తెర మీద ఆ కీ అడిగితే, అది లేనివారి ఫొటోలను ఎంత చేయితిరిగిన మెకానిక్కయినా బయటికి తీయలేడు.

అందుకే డబ్బు కట్టేటప్పుడే, పెట్టె సీలు తీసి పరీక్షించి ఇస్తే చాలునని, ఖాతా మేమే పెట్టుకుంటామని దుకాణదారుకు చెప్పాలి. ఇప్పటికే వేరొకరి ఖాతా ఉంటే, ఇంకా ఏమీ దాచుకోకముందే సెట్టింగ్స్‌లోని సిస్టమ్, రికవరీలకు వెళ్లి 'రీసెట్ దిస్ పీసీ' నొక్కి, అన్నీ తొలగించి, సొంత ఖాతాతో మళ్లీ మొదలుపెట్టడం మంచిది. ఆ తర్వాత రికవరీ కీని కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులున్న చోటే భద్రపరచాలి. కంప్యూటర్‌లోనే దాచిన కీ, కంప్యూటర్ తెరుచుకోని రోజున అక్కరకు రాదు.

ఇలా మొదట పెట్టుకున్న ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ హోదా ఉంటుంది; ఆ హోదాతో ఏ ప్రోగ్రామునైనా ఇన్‌స్టాల్ చేయవచ్చు, ఏ సెట్టింగునైనా మార్చవచ్చు. రోజువారీ వాడకానికి అంత అధికారం అక్కరలేదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్ కింద ఒక స్టాండర్డ్ ఖాతా తెరిచి, పిల్లలూ పెద్దలూ అందరూ దానినే వాడాలి. అప్పుడు ఏదైనా ప్రోగ్రాము వ్యవస్థలో మార్పులు చేయబోతే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ ప్రశ్న ఎదురైనప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించే అవకాశం దొరుకుతుంది. ఇంతకంటే తక్కువ శ్రమతో ఎక్కువ రక్షణ ఇచ్చే పని మరొకటి లేదని నా అభిప్రాయం.

అప్‌డేట్లను వాయిదా వేయకూడదు. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్) వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. విండోస్ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి. మనకు సాధారణంగా బుధవారానికి అందుతాయి. ఆ వారంలో ఒకసారి షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ చేయాలి, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకునేందుకు పాత స్థితిని కొంత దాచుకునే ఏర్పాటు) ఉన్న కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా కొత్తగా మొదలవదు.

యాంటీవైరస్‌కు ఏటా చందా కట్టాలా అని చాలామంది అడుగుతారు. నా లెక్క ప్రకారం ఇంటి వాడకానికి విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ సరిపోతుంది. ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్‌ను తీసేస్తే డిఫెండర్ తిరిగి పనిలోకి దిగుతుంది. మన ఇళ్లలోకి వైరస్ వచ్చే దారి చాలాసార్లు జిరాక్స్ షాపులో ప్రింటు కోసం ఇచ్చిన పెన్‌డ్రైవే. ఇంటికి తెచ్చి తెరిస్తే ఫైళ్లేవీ కనిపించవు. వాటి చోట పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్, దాని బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటాయి. కంగారుపడి దానిని నొక్కడమే పొరపాటు, ఎందుకంటే నడిచేది వైరసే. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయించి, వ్యూ మెనూలోని షో కింద 'హిడెన్ ఐటమ్స్' ఎంచుకుంటే దాక్కున్న అసలు ఫైళ్లు కనిపించవచ్చు. అక్కడే 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' కూడా ఎంచుకుంటే, పీడీఎఫ్ వేషంలో వచ్చిన ఈఎక్స్‌ఈ (నొక్కగానే నడిచే ప్రోగ్రాము) ఫైలు పేరు చివర చూడగానే బయటపడుతుంది.

తెలుగు టైపింగ్ కోసం క్రాక్ చేసిన (లైసెన్సు లేకుండా నడిచేలా మార్చిన) సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకోవడం మరో ప్రమాదం. క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపమని అది ముందే చెబుతుంది. ఆ మాటతోనే దానిని వదిలేయాలి. 2019 నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేది) ఉచితంగా ఉంది. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చి దానిని ఎంచుకుంటే చాలు.

తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఉండవు. ఎవరో చెప్పారని ఎనీడెస్క్ వంటి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాము పెట్టి కంప్యూటర్‌ను వారి చేతికివ్వకూడదు. ఈలోపే డబ్బు పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో డెస్క్‌టాప్‌కు యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె) తప్పనిసరి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడకూడదు, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కుకు) బయటి క్లీనర్, ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ ప్రోగ్రాములేవీ అక్కరలేదు.

యాంటీవైరస్ చందాకు పెట్టే డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు కొనాలని నేను గట్టిగా చెబుతాను. నెలకోసారి ఫొటోలు, సర్టిఫికెట్లు, పాస్‌బుక్కుల స్కాన్లు అందులోకి కాపీ చేసి, వెంటనే కేబుల్ తీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచిన డిస్కును కూడా రాన్సమ్‌వేర్ వదలదు. కాపీ అయిన ప్రతిసారీ, ఆ డిస్కులోంచే ఒక పాత ఫొటోను, ఒక సర్టిఫికెట్‌ను తెరిచి, అవి నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి.