చుట్టలతో కుండ కడుతుంటే వచ్చే చిక్కులు: మట్టి లెక్క, తాళ్ల లెక్క

కుమ్మరి సారె (చక్రం) లేకుండా, మట్టిని తాళ్లలా దొర్లించి వరుస మీద వరుస పేర్చి కుండ కట్టేవారిని వేధించే చిక్కులు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు మట్టి ముట్టుకోకముందే లెక్క వేసుకుంటే తప్పిపోతాయి.

సగంలో మట్టి అయిపోయింది

కారణం: కంటి అంచనాతో మొదలుపెట్టడం. అప్పటికప్పుడు కలిపిన మట్టి కింది వరుసల కంటే తడిగా ఉండి, ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. ఆ అతుకు దగ్గరే బీట పడుతుంది.

పరిష్కారం: ముందు పచ్చి మట్టి పలక మీద 10 సెం.మీ. గీత గీసి, ఆరబెట్టి, కాల్చి కొలవండి. 9 సెం.మీ. మిగిలితే మట్టి పదో వంతు తగ్గుతున్నట్టు. అంటే కాల్చాక 25 సెం.మీ. ఎత్తు, 20 సెం.మీ. వెడల్పు కావాలంటే, పూలకుండీని 28 ఎత్తు, 22 వెడల్పుతో కట్టాలి. వెడల్పును 3.14తో గుణిస్తే తాడు పొడవు తేలుతుంది: సుమారు 70 సెం.మీ. ఒకటిన్నర సెం.మీ. మందం తాడు అతికి నొక్కాక దాదాపు అంతే ఎత్తునిస్తుంది కాబట్టి 19 వరుసలు పడతాయి. ఒక్కో తాడు పావు కిలోకు కాస్త తక్కువ తూగుతుంది. గోడకు నాలుగున్నర కిలోలు, అడుగుకు ఒక కిలో, తరుగుకు మరో పావు వంతు కలిపి ఏడు కిలోలు సిద్ధం చేసుకోండి. అంతా ఒకేసారి పిసికి ప్లాస్టిక్ సంచిలో మూటగట్టాకే మొదటి తాడు చేయాలి.

పొట్ట ఉబ్బిన కుండకు వరుస వరుసకూ పొడవు మారుతుంది. నిజ పరిమాణంలో బొమ్మ గీసి ఒక్కో ఎత్తు దగ్గర వెడల్పు కొలుచుకోండి. ఈ ఒక్క పని మానేసినవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

వంచగానే తాడు చిట్లుతోంది

పదును తప్పింది. నీళ్లు చిలకరించి మళ్లీ పిసికి, వేలికి చుట్టి చూడండి. తడి సరిపోయినా నెర్రెలు వస్తే మట్టిలో జిగురు చాలదు. బంక ఎక్కువున్న మట్టి కలపాలి.

తాడు చపటగా అయిపోతోంది

వేళ్ల కొనలతో నొక్కుతున్నారు. అరచేయంతా ఆనించి, తేలికగా, మధ్య నుంచి చివరలకు దొర్లించండి.

గోడ కుంగుతోంది, లేదా బయటికి విచ్చుకుంటోంది

ఈ రెండూ ఒకటి కావు. కుంగితే తొందరపడ్డారని అర్థం. నాలుగైదు వరుసలకోసారి ఆగి కింది భాగాన్ని గట్టిపడనివ్వండి. పై అంచుకు మాత్రం తడిగుడ్డ కప్పి ఉంచండి. విచ్చుకుంటే తాడు పొడవెక్కువైంది. కొలిచి కోయండి, కింది వరుస లోపలి అంచు మీద పెట్టండి.

ఆరాక వరుసల మధ్య బీటలు

బయట మాత్రమే నునుపు చేసి వదిలేస్తే ఇలా అవుతుంది. రెండు అంచులనూ గీరి, అదే మట్టితో చేసిన చిక్కటి బురద పూసి, లోపలివైపు పై వరుస మట్టిని వేలితో కింది వరుసలోకి లాగాలి. బయట చుట్టల అందం ఉంచుకోవచ్చు, లోపల మాత్రం ఒక్క సందు కూడా మిగలకూడదు. తాళ్ల కొసలు కలిసే చోట్లు ఒకదాని మీద ఒకటి రాకుండా చూడండి. పెద్ద కుండలకు మట్టిలో పెంకుల పొడి కలపడం మంచిది. అమెరికాలోని న్యూమెక్సికోలో ఆకొమా అనే ఆదివాసీ ఊరి కుమ్మరులు పాత కుండ పెంకులను నూరి కొత్త మట్టిలో కలుపుతారు. పొడి కలిపిన మట్టి తక్కువ కుంచించుకుపోతుంది, సమంగా ఆరుతుంది.

బీట అడుగున పడితే, ఆ అడుగు కింద పెట్టిన పలకకు అతుక్కుని కదలలేకపోయినట్టు. కట్టే ముందే కింద వార్తాపత్రిక కాగితం పరవండి.